ఆ పది రోజుల పాలు ఎవరు పారబోయాలి?

ఉమ్మడి నల్గొండ జిల్లాలో పశువైద్యం, ఆహార భద్రత, మందుల తనిఖీ చూసే అధికారులకు, పాల డెయిరీల యాజమాన్యాలకు, పశువైద్యులకు, గోపాలమిత్రలకు, పశువుల మందులు అమ్మే షాపుల వాళ్లకు

నమస్కారం.

నేను మునుగోడు దగ్గర ఒక ఊళ్లో పాడి చేసుకునే మనిషిని. రెండు జెర్సీ క్రాస్ ఆవులు, ఒక బర్రె ఉన్నాయి. పదకొండేళ్లుగా పొద్దున, సాయంత్రం కేంద్రంలో పాలు పోస్తున్నాను. మందు వేసిన పశువు పాలు గడువు తీరకముందే జనం గ్లాసుల్లోకి పోతున్న విషయం మీద ఎనిమిది నెలల్లో మూడు అర్జీలు ఇచ్చాను. మూడింటికీ రసీదులున్నాయి, ఒక్కదానికీ జవాబు లేదు. మూడోసారి వెళ్లినప్పుడు అక్కడి ఉద్యోగి ఒకాయన "ఇది మా సెక్షన్ కాదమ్మా" అన్నాడు. మరి ఏ సెక్షనో చెప్పమంటే ఆయనకూ తెలియలేదు. అందుకే ఈసారి అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. నిరుడు వానాకాలంలో మా పెద్దావుకు పొదుగు వాపు వచ్చింది. వెనక కుడి చన్ను రాయిలా గట్టిపడింది. పిండితే పాలకు బదులు పసుపు నీళ్లు, మధ్య మధ్యలో నానిన అటుకుల్లాంటి ముక్కలు. డాక్టరు గారు ఆ వారం ఊళ్లో లేరు. చుట్టుపక్కల ఊళ్లలో సూదులేసే అతను వచ్చి మూడు రోజులు ఇంజెక్షన్లు వేశాడు, చన్నులోకి మందు ట్యూబులు ఎక్కించాడు. "పాలు పోయొచ్చా తమ్మీ?" అని అడిగాను. "ఆ ఒక్క చన్ను పాలు పారబోయి అక్కా, మిగతా మూడు మంచిగనే ఉన్నయి" అన్నాడు. నేను వినాలనుకున్న మాట అదే కాబట్టి వెంటనే నమ్మాను. మూడు చన్నుల పాలు పిండి కేంద్రంలో పోశాను.

రెండో రోజు రాత్రి మా అత్తమ్మ ఇంటికి ఉంచుకున్న ఆవు పాలు కాచి తోడేసింది. తెల్లారి మూత తీస్తే పాలు పాలలాగే ఉన్నాయి. తోడు పాతబడిందేమోనని పక్కింటి నుంచి కొత్త తోడు తెచ్చి మళ్లీ వేసింది. మధ్యాహ్నం గిన్నె వంచి చూస్తే నీళ్లలా జారింది. అదే తోడు బర్రె పాలలో వేస్తే సాయంత్రానికి గడ్డ పెరుగయింది. ఆమె నలభై ఏళ్లుగా పెరుగు తోడేస్తున్న మనిషి. గిన్నె పక్కన పెట్టి నా వైపు చూసి, "ఆవుకు ఏమేసిన్రే?" అని అడిగింది.

పాలు పెరుగు కావాలంటే తోడులోని సూక్ష్మజీవులు పెరగాలి. ఆవుకు ఎక్కించిన యాంటీబయాటిక్ మందు సూక్ష్మజీవుల్ని చంపడానికే ఉంది. పొదుగులో రోగం తెచ్చినవి ఏవో, మా గిన్నెలో పెరుగు చేసేవి ఏవో దానికి తేడా తెలియదు. డిగ్రీ చదివే మా అమ్మాయి చెత్తలోంచి ట్యూబు డబ్బా తీసి చదివింది. చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లీషులో ఉంది. చివరి డోసు తర్వాత 7 రోజుల వరకు ఈ పశువు పాలు మనుషులు తాగకూడదని. అప్పటికే నాలుగు పూటల పాలు నేను కేంద్రంలో పోసేశాను.

మర్నాడు పొద్దున కేంద్రానికి వెళ్లి జరిగింది చెప్పాను. పాలు పోయించుకునే అబ్బాయి చుట్టూ చూసి, "అక్కా, గమ్మునుండు. అందరూ పోస్తున్నరు" అన్నాడు. మాట పైదాకా పోయింది. పది రోజులు నా పాలు మొత్తం ఆపేశారు. ఆవు పాలు ఆపారంటే న్యాయమే, నేనూ అదే అడిగాను. కానీ బర్రె పాలు, రెండో ఆవు పాలు కూడా వద్దన్నారు. బర్రెకు తుమ్ము కూడా రాలేదు. ఆ రోజు నుంచి మా ఊళ్లో ఒక్క పశువుకూ రోగం రాలేదు. కేంద్రం దగ్గర అడిగితే అందరూ చెప్పేది ఇదే.

డబ్బు లెక్క కూడా చెప్తాను. ఆ ఆవు రోజుకు 9 లీటర్లు ఇచ్చేది. కేంద్రం వాళ్లు ఆపిన పది రోజులకు 90 లీటర్లు. లీటరు 38 రూపాయల చొప్పున 3,420. సూదుల ఖర్చు, మందులు 2,600. ఒక్క చన్ను వాపుకు ఆరు వేలు. పదిహేను రోజుల బిల్లులో దాణా అప్పు పోగా మాకు మిగిలేది అంతకంటే తక్కువ. నిజం చెప్పినందుకు నేను ఆ 3,420 పోగొట్టుకున్నాను, పైగా మిగతా రెండు పశువుల పాలు కూడా ఇంట్లోనే ఉండిపోయాయి. చెప్పకుండా పోసినవాళ్లకు బిల్లు వచ్చింది. అసలు సమస్య ఇక్కడే ఉంది. రైతుకు తెలివి లేదని, దురాశ అని మీటింగుల్లో చెప్పడం తేలిక. మందు రాసేవాళ్లు గడువు చెప్పరు. కొనేవాళ్లు పరీక్ష చెయ్యరు. ఆగిన రోజులకు పైసా ఎవరూ ఇవ్వరు. ఆ బరువంతా తెచ్చి పాలు పిండే ఆడమనిషి నెత్తిన పెడితే, ఆమె గమ్మునుండకుండా ఏం చేస్తుంది?

చట్టం లేదనడానికి లేదు. పాలు, గుడ్లు, మాంసం ఇచ్చే జీవాలకు వాడే మందు డబ్బా మీద ఎన్ని రోజులు ఆగాలో రాయాలని 2012లోనే కేంద్ర ప్రభుత్వం మందుల నిబంధనల్లో చేర్చింది. ఆ మందుకు ప్రత్యేకంగా గడువు నిర్ణయించకపోతే పాలకు, గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు అని కూడా అందులోనే ఉంది. యాంటీబయాటిక్‌ను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. కోళ్లకూ పశువులకూ కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకూడదని 2019లో ఆపారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అనే యాంటీబయాటిక్ మందుల్ని ఆహారం ఇచ్చే జంతువులకు తయారు చెయ్యడం, అమ్మడం 2025లో నిషేధించారు. ఈనిన ఆవుకు మాయ పడకపోతే గర్భసంచిలో పెట్టే పసుపు రంగు బిళ్లల్లో చాలాకాలం వాడింది ఆ నైట్రోఫ్యూరాన్ జాతి మందే. ఇప్పుడు పెట్టేవాటిలో ఏముందో రైతుకు చదివి చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా? పశువులకు వేసే నొప్పి మందు డైక్లోఫెనాక్‌ను 2006లో నిషేధించారు, ఆ మందు వేసిన పశువు చస్తే దాని కళేబరం తిని రాబందులు చచ్చిపోతున్నాయని. మంచి పనే. మనుషులకని అమ్మే పెద్ద సీసాలు పశువులకు మళ్లుతున్నాయని 2015లో వాటినీ ఒక్క డోసుకు కుదించారు. రాబందుల కోసం సీసా సైజు దాకా ఆలోచించగలిగిన ప్రభుత్వం, పాలు తాగే పిల్లల కోసం డబ్బా మీద నాలుగు తెలుగు ముక్కలు రాయించలేదా?

ఇక దీనివల్ల మామూలు జనానికి ఏం జరుగుతుందో, నేను తెలుసుకున్నంత వరకు:

1. "మిగతా మూడు చన్నులు మంచివే" అన్న మాట తప్పు. కండకు వేసిన సూది మందు నెత్తురులో కలుస్తుంది, నెత్తురు నుంచి నాలుగు చన్నుల్లోకీ దిగుతుంది. ఒక చన్నులో ఎక్కించిన ట్యూబు మందు కూడా కొంత నెత్తురులోకి పోయి పక్క చన్నుల్లో తేలుతుంది. ఊరూరా ఇదే సలహా నడుస్తోంది. నాకు చెప్పిన తమ్ముడు నన్ను మోసం చెయ్యలేదు, అతనికీ ఎవరూ చెప్పలేదు.

2. కాస్తే పోతుందనుకుంటారు. పాలు కాచినా, పాశ్చరైజ్ చేసినా సూక్ష్మజీవులు చస్తాయి కానీ మందు చాలావరకు అలాగే ఉంటుంది. మన ప్రాంతానికి ఇది కొత్త పాఠం కాదు. కంటికి కనపడనిది, రుచికి తెలియనిది ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే ఏమవుతుందో ఫ్లోరైడ్ నీళ్లు తాగిన మర్రిగూడ, మునుగోడు వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు, మోకాళ్లు చూపిస్తారు. పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని మన జిల్లా పేరే పెట్టారు. పాలలోంచి మందు తీసే పటిక మాత్రం ఇంట్లో ఎవరి దగ్గరా లేదు. మందు ఉన్న పాలు పొయ్యకుండా ఆగడం ఒక్కటే దారి.

3. ఎంత ఉంటే ఎక్కువ? కిలో పాలలో బెంజైల్ పెన్సిలిన్ 4 మైక్రోగ్రాములు దాటకూడదని కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ పరిమితి. ఒక గ్రాములో పది లక్షల మైక్రోగ్రాములు. అంటే ఒక్క గ్రాము పెన్సిలిన్ చాలు, రెండున్నర లక్షల లీటర్ల పాలను ఆ పరిమితి అంచుకు తేవడానికి. ఒక పశువు పాలు క్యాను నుంచి పాలు చల్లబరిచే కూలర్‌లోకి, కూలర్ నుంచి ట్యాంకర్‌లోకి పోతాయి. ఒక ఇంటి తప్పు ఎంతమంది గ్లాసుల్లోకి చేరుతుందో ఆలోచించండి.

4. ట్యాంకర్‌లో కనీసం నాలుగు ఊళ్ల పాలు కలిసి మందు పలచబడుతుంది. వాడిక పాలలో అదీ లేదు. నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ పట్టణాల్లో జనం ప్యాకెట్ పాలను అనుమానించి, "మా ఎదుట పిండిన పాలు" అని నమ్మి రోజూ ఒకే ఇంట్లో తెచ్చుకుంటారు. నీళ్ల కల్తీకి ఆ జాగ్రత్త పనికొస్తుంది. మందు విషయంలో సరిగ్గా తిరగబడుతుంది. ఆ ఒక్క ఆవుకే సూది పడితే, ఆ ఒక్క ఆవు పాలే పసివాడి సీసాలో పడతాయి.

5. పెన్సిలిన్ పడనివాళ్లకు కొంచెం మందు కూడా దద్దుర్లు, అంతకంటే ఎక్కువే తేవచ్చు. పాలు తాగి దద్దుర్లు వస్తే ఎవరూ మందును అనుమానించరు, వంకాయ తిన్నావా అని అడుగుతారు.

6. అన్నింటికంటే పెద్దది, కొంచెం కొంచెంగా రోజూ మందు తగిలిన సూక్ష్మజీవులు దానికి అలవాటు పడతాయి. రేపు మనకు జ్వరం వచ్చి ఆస్పత్రిలో పడితే అదే మందు పని చెయ్యకపోవచ్చు. పారబోయలేక ఆ పాలను దూడలకు తాపితే వాటి పేగుల్లోనూ జరిగేది ఇదే. నేనూ తాపాను. పాపం, దానికి వారం పాటు పండగ అనుకున్నాను.

ఇది చదివి ఎవరూ పాలు మానెయ్యొద్దు. 2018లో దేశమంతా ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 6,432 పాల నమూనాలు పరీక్ష చేయించింది. పరిమితి దాటి యాంటీబయాటిక్ ఉన్నవి 77, అంటే నూటికి 1.2. బూజు పట్టిన దాణా నుంచి పాలలోకి వచ్చే అఫ్లటాక్సిన్ అనే విషం అంతకంటే ఎక్కువ, 368 నమూనాల్లో తేలింది. (తడిసిన పత్తి చెక్క, బూజు పట్టిన మక్కలు చవకగా వస్తున్నాయని తెచ్చేవాళ్లు ఆ లెక్క చూడాలి. అది ఇంకో ఉత్తరం అవుతుంది.) పాలు పిండే సూది అని జనం భయపడే ఆక్సిటోసిన్ కూడా కడుపులో అరిగిపోయే రకం. ఆవును హింసించే ఆ పని తప్పే, నేరమే. కానీ టీవీలో అరిచేదంతా దాని గురించే ఉంటుంది, పొదుగు ట్యూబు గురించి ఒక్క ముక్క ఉండదు. నూటికి ఒకటే కదా అని ఊరుకుంటే, ఆ ఒకటి ఎవరింటికి పోతోందో చెప్పే ఏర్పాటు మన దగ్గర లేదు. అంగన్‌వాడీల్లో ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు రోజుకు 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. తాగమని మనమే చెప్తున్నప్పుడు, తాగేది శుభ్రంగా ఉండేలా చూసే బాధ్యత కూడా మనదే.

మేము అడుగుతున్నవి ఇవి:

1. మందు వేసిన ప్రతిసారీ, డాక్టరు గారైనా 1962 పశువుల అంబులెన్సు బండిలో వచ్చినవాళ్లైనా, చీటీ మీద తెలుగులో రెండు తేదీలు రాయాలి: మందు చివరిసారి వేసిన తేదీ, పాలు మళ్లీ పోయదగిన తేదీ. "7 రోజులు" అని రాస్తే చాలదు. ఏడు రోజులు ఎప్పటి నుంచి అన్న దగ్గరే మాకు తప్పు జరుగుతుంది. మొదటి సూది నుంచి లెక్కపెట్టుకునేవాళ్లు మా ఊళ్లో సగం మంది. చదువు రానివాళ్ల కోసం ఆ పశువు కాలికి గానీ కొమ్ముకు గానీ ఎర్ర గుడ్డ కట్టించండి. గడువు అయ్యాక విప్పేస్తాం. ఖర్చు లేదు, ఇంట్లో పాలు పిండే ప్రతివాళ్లకూ కనపడుతుంది.

2. పాల కేంద్రంలో ఉన్న మిషన్ ఫ్యాట్ చూస్తుంది, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా గట్టి పదార్థం) చూస్తుంది, నీళ్లు కలిపామేమో చూస్తుంది. మందు చూడదు. పెన్సిలిన్ జాతి, టెట్రాసైక్లిన్ మందుల్ని కొద్ది నిమిషాల్లో చూపించే పట్టీలు ఉన్నాయి. ప్రతి రైతు క్యానుకూ పెట్టమనడం లేదు, అంత ఖర్చు కుదరదని తెలుసు. ప్రతి కూలర్ దగ్గర, ట్యాంకర్ కదిలే ముందు ఒక్క పట్టీ పెట్టండి. ఎక్కడో తేలితే అప్పుడు వెనక్కి వెతుక్కోవచ్చు. పెరుగు తోడుకుంది కాబట్టి మందు లేదనుకోవద్దు. కొన్ని మందులు ఉన్నా పెరుగు అవుతుంది. మా అత్తమ్మ గిన్నె మాకు అదృష్టం కొద్దీ చెప్పింది, అది పరీక్ష కాదు.

3. ముందే వచ్చి చెప్పిన రైతు పాలకు డబ్బు ఇవ్వండి. పూర్తిగా కాకపోయినా సగం. డెయిరీ కొంత, ప్రభుత్వం కొంత వేసి ఒక నిధి పెట్టండి. సహకార డెయిరీలకు పోసేవాళ్లకు లీటరుకు 4 రూపాయల ప్రోత్సాహకం అని 2017లో ప్రకటించిన రాష్ట్రం మనది, ఎక్కువ పాలకు ఇచ్చే డబ్బులో కొంత మంచి పాలకూ ఇవ్వొచ్చు. దుర్వినియోగం చేస్తారంటారేమో. డాక్టరు చీటీ ఉంటేనే ఇవ్వండి, ఏడాదికి ఒక పశువుకు ఇన్నిసార్లే అని పరిమితి పెట్టండి. మిగతా ఐదూ వదిలేసి ఇది ఒక్కటి చేసినా చాలు, చీటీ కోసమైనా అందరూ డాక్టరు దగ్గరికే పోతారు.

4. చెప్పినవాళ్ల మిగతా పశువుల పాలు ఆపొద్దు. రోగం వచ్చిన పశువు పాలే ఆపాలని కేంద్రాలకు రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి.

5. చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మే షాపుల మీద తనిఖీలు చెయ్యండి. దాంతోపాటే ఊళ్లలో సూదులేసే వాళ్లను పిలిచి రెండు రోజులు శిక్షణ ఇవ్వండి. రిజిస్టర్ అయిన పశువైద్యులే వైద్యం చెయ్యాలని 1984 చట్టం చెప్తోంది, ఒప్పుకుంటాను. కానీ రాత్రి పదింటికి ఆవు పడిపోతే మా ఇంటికి వచ్చేది వాళ్లే. వాళ్లను తరిమితే ఆ రాత్రి ఎవరు వస్తారో కూడా మీరే చెప్పాలి.

6. పొదుగు వాపు ముదరక ముందే పట్టుకుంటే మందు అవసరమే తగ్గుతుంది. లీటరు నీళ్లలో 30 గ్రాముల సర్ఫ్ కలిపి, ఆ నీళ్లు, పాలు సమానంగా చిన్న గిన్నెలో తిప్పితే, వాపు మొదలైన చన్ను పాలు జిగురులా చిక్కబడతాయి. పిండిన వెంటనే ఆవు పడుకోకుండా ముందు మేత వెయ్యాలి, ఎందుకంటే చన్ను రంధ్రం మూసుకోవడానికి కాసేపు పడుతుంది, ఈలోగా పేడలో పడుకుంటే రోగం లోపలికి పోతుంది. ఈ రెండు మాటలు పదకొండేళ్లలో నాకు ఎవరూ చెప్పలేదు. ఫ్యాట్ పెంచే పౌడర్ అమ్మడానికి మాత్రం మనుషులు ఊరికి వస్తూనే ఉంటారు.

డాక్టరు గార్లకు ఒక మాట. మీలో చాలామంది మూడు నాలుగు మండలాల పని ఒక్కరే చేస్తున్నారని మాకు తెలుసు. మీ మీద ఫిర్యాదుగా ఇది తీసుకోవద్దు. చీటీ మీద ఆ రెండు తేదీలకు మీ ఆర్డరు అక్కర్లేదు, నిధి అక్కర్లేదు, రేపటి నుంచే రాయొచ్చు.

జవాబు ఎవరు ఇవ్వాలో మీరే తేల్చుకోండి, కానీ రాతపూర్వకంగా ఇవ్వండి. నా పెద్దావు ఇప్పుడు ఏడో నెల చూడి. ఈ నెలాఖరుకు పాలు ఆపి వట్టిపోనియ్యాలి. మళ్లీ పొదుగు వాపు రాకుండా అప్పుడు నాలుగు చన్నుల్లోనూ ట్యూబులు పెట్టాలని ఈసారి డాక్టరు గారే చెప్పారు. ఈనాక ఆ ఆవు పాలు ఎన్నో రోజు నుంచి కేంద్రంలో పోయాలో, జున్ను పాలు ఇంట్లో పిల్లలకు పెట్టొచ్చో లేదో అడిగితే డబ్బా చూసి చెప్తానన్నారు. డబ్బా షాపులో ఉంది. షాపు అబ్బాయిని అడిగితే డాక్టరు గారినే అడగమన్నాడు.

ఇట్లు,
మునుగోడు ప్రాంత పాడి రైతు
(మూడు అర్జీల రసీదుల నకళ్లు జత చేశాను)